మా బడిలో మా పిల్లకు తప్పు పెట్టేవారు లేరు

మా ఊళ్ళో ఆరో తరగతి చదువుకోవడానికి సర్కారు బడులు మూడున్నాయి. మెయిన్ రోడ్డు మీద జిల్లా పరిషత్ హైస్కూలు, మార్కెట్ యార్డు వెనకాల ఆడపిల్లల హైస్కూలు, కాలవ అవతల పేటలో ఎనిమిదో తరగతి వరకే ఉన్న చిన్న బడి. ఇంత చిన్న ఊరికి మూడు బడులెందుకని పైనుంచి వచ్చే అధికారులు ఏటా అడుగుతారు. ఏటా ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పి పంపించేస్తారు. నా మనవరాలు ఐదో తరగతి పూర్తి చేసే వరకూ వాటిని పోల్చి చూడవలసిన అవసరం నాకు రాలేదు. మా ఇంట్లో బడి అంటే మెయిన్ రోడ్డు మీదదే. ఆ స్థలం మా తాతగారు ఇచ్చారు.

గొప్పకు చెప్పుకుంటున్నది కాదు, జరిగిన సంగతి. గేటు పక్క స్తంభంలో ఆయన పేరు చెక్కిన రాయి ఉంది. ఉందనడమే గాని ఇప్పుడు చదవడానికి వీల్లేదు. బడికి కొత్తగా రంగులు వేయించినప్పుడు పెయింటర్లు గోడతో పాటు రాయికీ పట్టించేశారు. ఆ మాట నేను చెబితే హెడ్మాస్టరుగారు నొచ్చుకుని, రెండు చేతులూ జోడించి, "అలాగేనండి, రేపే గీకించేస్తానండి" అన్నారు. మా గోదావరి జిల్లాల్లో ఈ ‘అలాగేనండి’ వినడానికి ఎంతో బాగుంటుంది. ఎదుటి మనిషిని కాదనడం మర్యాద కాదు కనుక చేసేవాడూ అదే అంటాడు, చేయనివాడూ అదే అంటాడు. రాయి మీద రంగు ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

మా పొలాలు మా నాన్నగారి కాలంలో కొన్ని, నా కాలంలో మిగతావి పోయాయి. మా అబ్బాయి బజార్లో ఒక షావుకారు ఎరువుల కొట్లో పద్దులు రాస్తాడు. ఆ షావుకారు తాత మా తాతగారి ఎదుట కూర్చునేవాడు కాదు. ఇప్పుడు షావుకారు లోపలికి వస్తే మావాడు లేచి నిలబడతాడు. ఇందులో తప్పు పట్టవలసిన మనిషి ఎవరూ లేరు. నేను ఆ వీధిన వెళ్ళను, అంతే.

మనవరాలు ఐదు దాకా ఊళ్ళోనే కాన్వెంటులో చదివింది. ఆ పై చదువుకు కొవ్వూరుకో, వంతెన దాటి రాజమండ్రికో పంపే స్తోమత మాకు లేదు. ఆ పిల్లకు మేము ఇవ్వగలిగింది చదువొక్కటే. పొలం లేదు, దుకాణం లేదు, చెప్పిపెట్టే పెద్ద మనుషులూ లేరు. ఈ ఆరో తరగతి ఎక్కడ మొదలుపెడుతుందో అక్కడ తప్పితే తరవాత దిద్దుకునే వీలు మా ఇంట్లో లేదు. అది నాకూ తెలుసు, మా కోడలికీ తెలుసు. తేడా ఏమిటంటే నేను ఆలోచించవలసిందేమీ లేదనుకున్నాను. మా కోడలు అనుకోలేదు.

ఆమె జాకెట్లు కుట్టించుకునే చోట నలుగురి మాటా వింటుంది. పేట బడిలో లెక్కలు బాగా చెబుతున్నారని అక్కడ విన్నదట. ఆ మాట అన్నం వడ్డిస్తూ చెప్పింది. పెరుగు వేసేటప్పుడు మళ్ళీ చెప్పింది.

"మన బడి ఉండగా పేటకెందుకమ్మా?" అన్నాను.

"పంపేద్దామని కాదండి మావయ్యగారూ. మూడూ ఓసారి చూద్దామంటున్నానండి."

"మన బడి మనకి తెలీదా?"

"మీకు తెల్సండి. చదవాల్సింది అది కదండి. మీరు రసాలు కొంటే ఓ పండు చిదిమి నోట్లో ఏసుకోకుండా ఎప్పుడైనా బుట్ట ఎత్తించారా?"

మామిడిపండ్ల విషయంలో నా పట్టింపు ఊరందరికీ తెలుసు. అందుకని ఆ మాటకు ఒప్పుకోక తప్పలేదు. జూన్‌లో బడులు తెరిచిన మొదటి రోజుల్లో ఎవరి పేరు ఎక్కడ రాశారో ఎవరికీ సరిగా తెలియదు. పిల్లలు ఒక బడి నుంచి ఇంకో బడికి మారుతూ ఉంటారు. ఆ సందట్లో మా పిల్లను అక్కడ కొన్నాళ్ళు, ఇక్కడ కొన్నాళ్ళు కూర్చోబెట్టి చూడవచ్చునని మా కోడలి ఆలోచన. ఆ ముక్క ఆమె ముందే హెడ్మాస్టర్లతో మాట్లాడి ఉంచిందని నాకు తరవాత తెలిసింది.

ముందు ఆడపిల్లల హైస్కూలుకు వెళ్ళాం. గేటు దగ్గరే ఆపి, ఆవరణలోకి మగవాళ్ళను రానివ్వం అన్నారు. నా వయసు చూసైనా ఆ మాట అనకుండా ఉండవలసింది. కోడలు లోపలికి వెళ్ళింది. నేను గేటు బయట, చెరుకురసం బండి నీడలో నిలబడ్డాను. అక్కణ్ణించి చూస్తే ఒక టీచరు సెల్‌ఫోను పట్టుకుని మరుగుదొడ్ల ఫోటోలు తీస్తోంది. ఇంకొకావిడ పిల్లలను వరసగా నిలబెట్టి చేతుల్లో కోడిగుడ్లు పెట్టి ఫోటోలు తీస్తోంది. ఒక పిల్ల కళ్ళు మూసిందని మళ్ళీ తీసింది. గుడ్డు తినబోయిన పిల్లను ఆపి మరీ తీసింది. ఆ ఫోటోలు ఏ పూటకాపూట పైకి పంపకపోతే సంజాయిషీ అడుగుతారట. మా కోడలు తిరిగి వచ్చి, టీచర్లు మంచివాళ్ళేనండీ, పాఠం చెప్పడానికి వాళ్ళకు చెయ్యి ఖాళీ లేదండీ అంది. చదువు చెప్పేవాళ్ళ చేతికి కెమెరా ఇచ్చిన పెద్దలెవరో గాని, వాళ్ళ పిల్లలు మాత్రం అక్కడ చదవరు. అంతటితో ఆ బడి సంగతి అయిపోయింది.

మా హైస్కూలుకు నేను వెళితే ఒక పద్ధతి ఉంది. హెడ్మాస్టరుగారు లేచి ఎదురు వస్తారు. తన పక్కన కుర్చీ వేయిస్తారు. కాఫీకి మనిషిని పంపుతారు. కాఫీ వచ్చేలోగా నాకు కాలక్షేపం కావాలని లెక్కల మాష్టారుగారిని పిలిపిస్తారు. ఆయనా నేనూ వర్షాల గురించీ, పోలవరం గురించీ మాట్లాడుకుంటాం. ఆగస్టు పదిహేనుకు జెండా కర్ర పక్కన మా ఇంటి మనిషికి ఒక కుర్చీ వేసి, దాని మీద తెల్లటి తువ్వాలు పరుస్తారు. మా నాన్నగారు అందులో కూర్చున్నారు. తరవాత నేను. పొలాలు పోయినా ఆ కుర్చీ పోలేదు. హెడ్మాస్టర్లు ఎందరు మారినా ఒకరు ఇంకొకరికి చెప్పి వెళుతున్నారు.

ఆ రోజూ అలాగే జరిగింది. మనవరాలిని హెడ్మాస్టరుగారు స్వయంగా క్లాసులోకి తీసుకెళ్ళారు. పిల్లలందరూ లేచి నిలబడి దండాలు పెట్టారు. ముందు బెంచీ మీద కూర్చున్న ఇద్దరిని వెనక్కి పంపి, ఫ్యాను కింద దానికి చోటు చూపించారు. క్లాసు గదులు బాగున్నాయి. నల్లబల్లల పక్కన పెద్ద టీవీలు పెట్టారు. పదో తరగతి ఫలితాలు మండలంలోనే మంచివని బోర్డు మీద రాశారు. అది అబద్ధం కాదని నాకూ తెలుసు. నేను తల ఎత్తుకుని ఇంటికి వచ్చాను.

కొన్ని రోజులు పిల్ల అక్కడికి వెళ్ళింది. సాయంత్రం ఏం చెప్పారే అని అడిగితే, అన్నీ రైటే వచ్చాయండి తాతయ్యగారూ అనేది. నేను మా కోడలి వైపు చూసేవాణ్ణి. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుకునేది.

తరవాత పేట బడి. అక్కడికి నేను వెళ్ళలేదు. కాలవ దాటి, కర్ర వంతెన మీదుగా, మా పొలాల్లో ఒకప్పుడు నాట్లు వేసిన వాళ్ళ ఇళ్ళ మధ్య నుంచి, మా పిల్ల బడికి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఆ మాట పైకి అన్నాను కూడా. మా కోడలు పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

మొదటి రోజే పిల్ల ముఖం ఎర్రగా చేసుకుని తిరిగి వచ్చింది. సంచీ మంచం మీద విసిరింది. ఎవరైనా ఏమైనా అన్నారేమోనని నేను లేచి కర్ర అందుకున్నాను.

"అర్ధానికి మూడో వంతు కలిపితే ఎంతండి తాతయ్యగారూ?" అంది.

నేను లెక్క వేసుకునేలోపే తనే చెప్పింది. పైవి పైవి కలిపి, కిందవి కిందవి కలిపి, అయిదింట రెండు అని వేసిందట. పేట బడి టీచరు దాని మీద పెద్ద ఇంటూ కొట్టిందట. కొట్టి ఊరుకోకుండా బోర్డు దగ్గరకు పిలిచి ఒక పొలం గీయించిందట.

"అర ఎకరం పొలానికి ఇంకో ముక్క కలిపితే అర ఎకరం కన్నా తగ్గిపోద్దా అన్నారండి. అందరూ నవ్వేరు."

"నవ్వితే నవ్వేరు. తప్పు కదా మరి," అంది కోడలు.

"అది కాదమ్మా. ఇదే లెక్క హైస్కూల్లోనూ ఇచ్చేరు. అక్కడా ఇదే వేసేను. మాష్టారు రైటు కొట్టేరు. గుడ్ అని కూడా రాసేరు."

నేను నమ్మలేదు. లెక్కల మాష్టారు ఎలాంటివాడో నాకు తెలుసు. ఆయన చెప్పిన పిల్లలు ఇంజనీర్లయ్యారు. అర్ధమూ మూడో వంతూ కలపడం రాని మనిషి కాదు. సరిగా చూసి ఉండడని సరిపెట్టుకుందామనుకున్నాను. కాని ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు హైస్కూలుకు వెళ్ళాను. హెడ్మాస్టరుగారు లేచారు, కుర్చీ వేయించారు, కాఫీకి పంపారు, మాష్టారిని పిలిపించారు. వర్షాల మాట ఎత్తబోతే నేను ఆపి, లెక్క సంగతి అడిగాను. మాష్టారు హెడ్మాస్టరుగారి వైపు చూశారు. హెడ్మాస్టరుగారు కిటికీ వైపు చూశారు.

"చూశానండి. తప్పేనండి అది," అన్నారు మాష్టారు చివరికి.

"మరి రైటు ఎందుకు కొట్టారండి?"

"తమరి ఇంటి పిల్ల కదండీ. స్థలం ఇచ్చినవారి మునిమనవరాలు... మనవరాలి..." అని ఆ వరస ఎక్కడికి తేలుతుందో తెలియక ఆగిపోయారు. "మొదటి రోజే నలుగురిలో తప్పు పెడితే బాగోదనండి."

"ఇంకొకళ్ళ పిల్లయితే?"

ఈసారి హెడ్మాస్టరుగారు అందుకున్నారు. "అబ్బే, మిగతావాళ్ళకి ఇంటూ కొట్టేస్తారండి. చెవి మెలేసి మరీ నేర్పుతారు మా మాష్టారు. ఆ విషయంలో తమరు సందేహం పెట్టుకోకండి."

ఆయన ఆ మాట నన్ను ఊరడించడానికే అన్నారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. బయట ఏదో క్లాసు పిల్లలు గోల చేస్తున్నారు. అది మాష్టారుగారి క్లాసేనని అప్పుడు తట్టింది. నేను వచ్చినప్పుడల్లా ఆ క్లాసు అలా గోల చేస్తూనే ఉండి ఉంటుంది. మా తాతగారి స్థలంలో ఊరిపిల్లలందరికీ చదువు దొరుకుతోంది. మా పిల్లకు మాత్రం కుర్చీ, ఫ్యాను, దండాలు దొరుకుతున్నాయి.

కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఎదురుగా ఉన్న ఇద్దరూ మర్యాదస్తులు. నాకు వాళ్ళు చేసిందల్లా మర్యాదే. మా పిల్లను అందరిలాగే చూడండి, తప్పయితే తప్పని చెప్పండి, వెనక బెంచీలో కూర్చోబెట్టినా నేనేమీ అనుకోను అని గట్టిగా చెప్పాను. ఇద్దరూ ఒక్కసారే చేతులు జోడించారు.

"అలాగేనండి," అన్నారు.

ఆ మాట వినగానే నాకు గేటు పక్క రాయి గుర్తుకు వచ్చింది.

అయినా ఇంకో అవకాశం ఇద్దామని పిల్లను మళ్ళీ అక్కడికే పంపాను. కోడలు వద్దనలేదు. సాయంత్రం పిల్ల తిరిగి వచ్చి, క్లాసు లీడరును చేశారని చెప్పింది. లెక్కల మాట అడిగితే, మిగతావాళ్ళందరికీ భిన్నాలు ఇచ్చి తనకు మాత్రం మామూలు కూడికలు ఇచ్చారట. మాష్టారు పాపం తప్పు పెట్టవలసిన అవసరమే రాకుండా దారి వెతుక్కున్నారు. అన్నీ రైటే వచ్చాయి.

నేను గొంతు పెంచాను. హెడ్మాస్టర్ల మీద, మాష్టార్ల మీద, వంగి వంగి దండాలు పెట్టేవాళ్ళ మీద, రంగులు వేసేవాళ్ళ మీద కోపం వరసగా బయటికి వచ్చింది. రేపు మళ్ళీ వెళతానన్నాను. పైవాళ్ళకు చెబుతానన్నాను. పిల్ల నా కుర్చీ దగ్గరకు వచ్చి నిలబడింది.

"మీరు మళ్ళీ వెళ్తే మళ్ళీ కాఫీ ఇస్తారండి తాతయ్యగారూ," అంది. "అక్కడ నాకేం రాకపోయినా ఎవరూ చెప్పరండి. నేను పేటకి వెళ్తాను."

దాని గొంతులో అల్లరి లేదు. మా తాతగారి పేరు ఆ బడికి ఎంత చేసిందో ఈ పిల్లకు అంత అడ్డం వస్తోంది. ఈ లెక్క నాకెవరూ బోర్డు మీద గీసి చెప్పనక్కరలేదు.

పేట బడిలో చేర్పించడానికి నేనే వెళ్ళాను. కోడలు వస్తానంటే రమ్మన్నాను. కర్ర వంతెన మీద నడుస్తుంటే గట్టున బట్టలు ఉతుకుతున్న ఒక ముసలమ్మ లేచి, "బాబుగారండీ, ఇటేపొచ్చేరేంటండి?" అంది. పిల్లను బడిలో వేయడానికన్నాను. ఆమె నన్నూ, పిల్లనూ, బడినీ మార్చి మార్చి చూసింది. నేను నడిచాను.

బడి బాగుందని అనలేను. ఆవరణలో ఒక మూల వర్షపు నీరు నిలిచింది. రెండు క్లాసులు ఒకే గదిలో వీపు వీపు ఆనించుకుని కూర్చున్నాయి. ఒక క్లాసు ఎక్కం చెబుతుంటే ఇంకో క్లాసు చరిత్ర వింటోంది. టీవీ ఉంది, మీద గుడ్డ కప్పి ఉంది. మా హైస్కూలును, దీన్ని పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవరైనా మొదటిదే ఎంచుకుంటారు. నేనూ అదే ఎంచుకునేవాణ్ణి, అక్కడ నన్నెవరూ ఎరగకపోతే.

లెక్కల టీచరు మధ్యవయసు మనిషి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని సుద్దముక్కతో బయటికి వచ్చింది. ఉప్పాడ నుంచి బదిలీ మీద వచ్చిందట. మా ఊరివాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు ఆమెకు తెలియవు. తెలుసుకోవడానికి తీరికా లేదు. నన్ను కూర్చోమనలేదు. కూర్చోమనడానికి అక్కడ కుర్చీ కూడా లేదు.

"పిల్లకి మీరేమవుతారండి?" అంది.

ఊళ్ళో ఆ ప్రశ్న నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. చెప్పవలసింది చాలా ఉందనిపించింది. మా ఇంటి పేరు, తాతగారు, మెయిన్ రోడ్డు మీద స్థలం, రాయి. మా కోడలు నా వైపు చూస్తోంది. ఒక్క మాట జారితే ఈ బడిలోనూ రేపు ఫ్యాను కింద చోటు చూపిస్తారని ఆమె భయం. అది నిజమే.

"తాతనండి," అన్నాను.

"అయితే తాతగారూ, ఇంట్లో ఎక్కాలు చదివించండి. పన్నెండో ఎక్కంలో తడబడుతోంది," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆగస్టు రాగానే హైస్కూలు హెడ్మాస్టరుగారు ఎప్పటిలాగే ఇంటికి వచ్చి పిలిచారు. పిల్లను పేటలో వేసినందుకు ఆయన మనసు కష్టపడింది. పైకి అనలేదు. నేను రాలేనని చెప్పాను. ఆయన నమ్మలేక, ఒంట్లో బాగోలేదా అండీ అన్నారు. బాగానే ఉందన్నాను. కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టమన్నాను. ఆయన యథాప్రకారం చేతులు జోడించి అలాగేనండి అన్నారు. జెండా ఎగరేసినంతసేపూ ఆ కుర్చీ మీద తెల్ల తువ్వాలు పరిచి ఖాళీగా ఉంచారని మా అబ్బాయి వచ్చి చెప్పాడు. ఎండలో ముసలి మాష్టార్లు నిలబడి ఉండగా కుర్చీని ఖాళీగా ఉంచడం ఏం మర్యాదో నాకు అర్థం కాదు.

ఆ రోజు నేను పేట బడికి వెళ్ళాను. తల్లిదండ్రులు నిలబడేందుకు తాడు కట్టారు. నేను అలవాటుగా తాడు దాటి ముందుకు వెళ్ళబోతే, ఆ లెక్కల టీచరే, "తాతగారూ, వెనక్కి రండి, పిల్లలు కనపడాలి" అంది. వచ్చాను. నా పక్కన నిలబడ్డవాళ్ళలో కొందరు నన్ను గుర్తుపట్టి కాస్త దూరం జరిగి చోటిచ్చారు. జరగొద్దన్నాను. అందరూ విని తలలూపారు, ఎవరూ దగ్గరికి రాలేదు. మా మనవరాలు కవాతులో ఎడమకాలు బదులు కుడికాలు వేసింది. అందరి ముందూ దాన్ని ఆపి, మళ్ళీ మొదటినుంచీ వేయించారు. రెండోసారి సరిగ్గా వేసింది.

అంతా అయ్యాక ఉండబట్టలేక టీచరు దగ్గరకు వెళ్ళి, జెండా కర్ర పడమటి వైపు ఒరిగింది, వచ్చే ఏటికైనా నిటారుగా పాతించమని చెప్పాను.

"మాకు మనుషుల్లేరండి తాతగారూ," అంది ఆమె, పిల్లలకు చాక్లెట్ బిళ్ళలు పంచుతూ. "మీకు తీరికుంటే మీరే ఎవరినైనా తీసుకొచ్చి పాతించండి."

అలాగేనండి అని మాత్రం ఆమె అనలేదు.